సభలో ప్రార్థన ఎవరి వైపు తిరిగి ఉండాలి?

అథర్వవేదం ఏడవ కాండలో సభ గురించి ఒక చిన్న సూక్తం ఉంది. నాలుగే మంత్రాలు. మొదటిది ఇది:

సభా చ మా సమితిశ్చావతాం ప్రజాపతేర్దుహితరౌ సంవిదానే ।
యేనా సంగచ్ఛా ఉప మా స శిక్షాత్ చారు వదాని పితరః సంగతేషు ॥

సభ, సమితి ఇద్దరూ ప్రజాపతి కూతుళ్లు. ఒక్క మాట మీద ఉండే ఆ అక్కచెల్లెళ్లు నన్ను కాపాడుదురు గాక. నేను ఎవరిని కలిస్తే వారు నాకు తోడ్పడుదురు గాక. పితరులారా, కూడి ఉన్న వీరి మధ్య నేను చక్కగా మాట్లాడుదును గాక.

నాలుగో మంత్రం ఇంకా బాగుంటుంది. మీ మనసు ఎక్కడికో వెళ్లిపోయినా, అక్కడో ఇక్కడో చిక్కుకుపోయినా దాన్ని మళ్లీ ఇటు తిప్పుతున్నాం అంటాడు ఋషి. సభ తన మాటే వినాలనే కోరిక కూడా ఆయనకు ఉంది, దాన్ని దాచుకోలేదు. మొదటి మంత్రంలో మాట్లాడబోయే మనిషే ప్రార్థిస్తున్నాడు. తన నోరు మంచిగా పలకాలని తన కోసం అడుగుతున్నాడు. వినడానికి వచ్చినవాళ్లను లేచి నిలబడమనలేదు, తనతో పాటు పలకమనలేదు.

ప్రభుత్వ సమావేశాల్లో ప్రార్థన ఉండాలా వద్దా అని అమెరికాలో ఎన్నో ఏళ్లుగా సాగుతున్న వాదం గురించి చదివినప్పుడల్లా నాకు ఈ సూక్తమే గుర్తొస్తుంది. అక్కడ ఈ వాదం దేశమంత పాతది. 1774లో ఫిలడెల్ఫియాలో బ్రిటిష్ వలస రాష్ట్రాల ప్రతినిధుల సభ అయిన మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్ సమావేశమైనప్పుడు ప్రార్థనతో మొదలుపెడదామని ప్రతిపాదన వచ్చింది. మనలో ఇన్ని క్రైస్తవ శాఖలవాళ్లం ఉన్నాం, కలిసి ప్రార్థించడం ఎలా కుదురుతుందని జాన్ జే, జాన్ రట్లెడ్జ్ అడ్డుచెప్పారు. భక్తిపరుడు, దేశాన్ని ప్రేమించేవాడు అయితే ఎవరి ప్రార్థన అయినా నేను వింటానని శామ్యూల్ ఆడమ్స్ లేచి చెప్పాక జేకబ్ డుషే అనే పాదిరి వచ్చి బైబిల్లోని 35వ కీర్తన చదివాడు. ఆ ఇద్దరి సందేహమూ, ఆడమ్స్ ఔదార్యమూ రెండూ నిజాయితీ గలవే.

ఈ కథలో మనవాళ్లు కూడా ఉన్నారు. 2000 సెప్టెంబరు 14న, ప్రధాని వాజపేయి అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగించిన రోజున, ఒహాయో రాష్ట్రం పార్మాలోని శివవిష్ణు ఆలయ అర్చకులు వెంకటాచలపతి సముద్రాల గారు ప్రతినిధుల సభలో ప్రార్థన చేశారు. ఆ సభలో ఒక హిందువు ప్రార్థన చేయడం అదే మొదటిసారి. సముద్రాల అన్న ఇంటిపేరు వినగానే ఏ తెలుగువాడికైనా మనసు కదులుతుంది.

ఏడేళ్ల తర్వాత, 2007 జులై 12న సెనేట్‌లో ప్రార్థన చేయడానికి రాజన్ జెడ్ అనే హిందూ పురోహితుడు నిలబడ్డారు. ఆయన నోరు తెరుస్తుండగానే పైన గ్యాలరీలోంచి కేకలు మొదలయ్యాయి. దుష్టుల ప్రార్థనను ఇక్కడ అనుమతించినందుకు మమ్మల్ని క్షమించు ప్రభూ అని అరిచారు. ముగ్గురిని అరెస్టు చేసి తీసుకెళ్లారు. జెడ్ గారు కాస్త ఆగి, తర్వాత గాయత్రి అర్థం చెప్పారు, అసతోమా సద్గమయ అర్థం చెప్పారు, లోకహితం కోసం పని చేయమనే గీతా వాక్యం చెప్పి శాంతి మంత్రంతో ముగించారు. మన బుద్ధులను ప్రేరేపించమని అడిగే మంత్రాన్ని దుష్టుల ప్రార్థన అన్నారే అని చదివినవాళ్లకు కడుపు రగిలింది. నాకూ రగిలింది.

కానీ ఒక్క మాట ఆలోచించాలి. సెనేట్‌లో ప్రార్థన విన్నది ఎవరు? చట్టాలు చేసే సభ్యులు. సర్కారు బలం చేతిలో ఉన్నవాళ్లు. అహంకారం తలకెక్కే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లు. వాళ్లను ఉద్దేశించి ధియో యో నః ప్రచోదయాత్ అనడం సబబే. 1983లో నెబ్రాస్కా శాసనసభ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు జరిగిన చర్చ కూడా ఇలాంటి ప్రార్థన గురించే. ఎర్నీ చేంబర్స్ అనే శాసనసభ్యుడు తన సభలోనే జరుగుతున్న ప్రార్థన మీద కేసు వేశాడు. దేశం పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆచారమని కోర్టు దాన్ని 6-3 తేడాతో సమర్థించింది.

ఊరి సమావేశం సంగతి వేరు. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ పక్కన గ్రీస్ అనే ఊరుంది. అక్కడి టౌన్ బోర్డు నెలనెలా కూర్చునేది. మొదట్లో కాసేపు మౌనం పాటించి పని మొదలుపెట్టేవారు. 1999 నుంచి ఆ మౌనం స్థానంలో పాదిరి ప్రార్థన వచ్చింది. 2007 వరకు వచ్చిన ప్రతి ఒక్కరూ క్రైస్తవులే. సూసన్ గాలోవే అనే యూదు మహిళ, లిండా స్టీఫెన్స్ అనే నాస్తికురాలు అభ్యంతరం చెప్పాక 2008లో ఒక యూదుణ్ణి, బహాయి మందిరం అధ్యక్షుణ్ణి పిలిచారు. విక్కా అనే ప్రకృతి ఆరాధక మతానికి చెందిన ఒక పూజారిణి తనకూ అవకాశం ఇవ్వమంటే ఇచ్చారు. ఆ ఇద్దరు మహిళలు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2014 మే 5న 5-4 తీర్పు వచ్చింది. ఊరిదే గెలుపు.

ఓడిన నలుగురి తరఫున జస్టిస్ ఎలెనా కేగన్ రాసిన భిన్నాభిప్రాయంలో ఒక సంగతి ఉంది, దాని దగ్గర నేను ఆగిపోయాను. గ్రీస్‌లో ప్రార్థన చేసే ఆయన ఊరి ముద్ర ఉన్న బల్ల దగ్గర నిలబడతాడు. బోర్డు సభ్యులకు వీపు పెట్టి, ఎదురుగా కూర్చున్న జనం వైపు తిరుగుతాడు. మనమందరం ప్రార్థిద్దాం అంటాడు. ఆ జనం ఎవరు? పర్మిషన్ కోసమో, స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే జోనింగ్ నియమంలో మార్పు కోసమో, వీధి సమస్య చెప్పుకోవడానికో అర్జీ చేతబట్టుకుని వచ్చినవాళ్లు. అధికారం వాళ్ల దగ్గర లేదు, వీపు వెనకాల కూర్చున్నవాళ్ల దగ్గర ఉంది.

అథర్వవేద ఋషి చేసిన దానికి ఇది సరిగ్గా తలకిందులు.

అమెరికాలో గుడి కట్టిన ఏ తెలుగు కమిటీని అడిగినా ఈ సమావేశాల గురించి చెబుతారు. పార్కింగ్ ఎంత, పండగరోజు ట్రాఫిక్ ఎంత, గోపురం ఎత్తెంత, అన్నీ ఊరి బోర్డు ముందు విన్నవించుకోవాలి. అలాంటి ఒక సమావేశంలో నేనూ వెనక వరసలో కూర్చున్నాను. మాకు ముందు కమిటీలో పెద్దాయన, చుట్టిన డ్రాయింగులు ఒళ్లో పెట్టుకుని. ప్రార్థనకు అందరినీ లేవమన్నారు. ఆయన డ్రాయింగులు కుర్చీలో పెట్టి, లేచి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. పక్కన ఇంజనీరు కుర్రాడు లేవాలా వద్దా అని సగం లేచి, బోర్డు సభ్యుల్లో ఎవరైనా చూస్తున్నారా అని ఒకసారి అటు చూసి, పూర్తిగా లేచాడు. బయటికి వచ్చాక ఆ కుర్రాడు ఇది అన్యాయమండీ అంటే, పెద్దాయన, "ఏ దేవుడైతేనేం నాయనా, దణ్ణం పెడితే పోయేదేముంది?" అన్నారు.

పెద్దాయన మాట బంగారం. ఆ విశాలత్వం మన ఇళ్లలో పుట్టి పెరిగినదే, దర్గాకీ వెళతాం, చర్చి ముందూ ఆగుతాం. కానీ ఆ దణ్ణం ఆయన మనసులోంచి వచ్చింది. కుర్రాడి దణ్ణం బోర్డు సభ్యుడి చూపులోంచి వచ్చింది. మొదటిది దేవుడికి చేరుతుంది. రెండోది ఎవరికి చేరిందో అతనికే తెలియదు. పెద్దాయన మంచితనాన్ని ఆసరా చేసుకుని కుర్రాణ్ణి నిలబెట్టే హక్కు ఏ బోర్డుకీ లేదని నా గట్టి నమ్మకం. మన గుళ్లో అర్చన చేయించేటప్పుడు కూడా అర్చకులు ముందు గోత్రం, నామం అడుగుతారు. అడక్కుండా మన పేరున సంకల్పం చెప్పరు. నీ కోసం దేవుణ్ణి అడగడానికైనా నీ అనుమతి కావాలి.

రాజసభలో ప్రార్థన అనగానే మన మనసులో మెదిలేది ద్రౌపది. హస్తినాపుర సభలో భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు, కృపుడున్నాడు. సంధ్య వార్చుకోని రోజు లేనివాళ్లు, శాస్త్రం పుక్కిటపట్టినవాళ్లు. ఆమె మొదట దేవుణ్ణి పిలవలేదు. సభను ప్రశ్న అడిగింది. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఉందా, ధర్మం చెప్పండని అడిగింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. మిగతావాళ్లు తలలు వంచుకున్నారు. దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు ఒక్కడు లేచి ఆమె ఓడిపోలేదని చెబితే కర్ణుడు అతణ్ణి కసిరి కూర్చోబెట్టాడు. సభ నోరు మూతబడ్డాకే ద్రౌపది గోవిందా, ద్వారకావాసా అని చేతులెత్తింది. సభ తన పని చేసి ఉంటే ఆ ఆర్తనాదం అవసరమే ఉండేది కాదు. ఆ కథ చదువుతూ కృష్ణుడి దయను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకుంటాం, సరే. అర్జీతో వచ్చిన మనిషికి దేవుడు తప్ప దిక్కు లేకుండా చేసిన పెద్దల సంగతి కూడా తలుచుకోవాలి.

అక్కడే విదురుడు సభకు ఒక పాత కథ చెబుతాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, అంగిరసుడి కొడుకు సుధన్వుడికీ ఎవరు గొప్ప అని పంతం వచ్చి ప్రాణాలే పణంగా పెట్టుకున్నారు. తీర్పు చెప్పమని ప్రహ్లాదుడి దగ్గరకే వచ్చారు. ఒకవైపు కన్నకొడుకు. ప్రహ్లాదుడు కశ్యపుణ్ణి అడిగితే ఆయన చెప్పిన మాటలు ఇవి: అధర్మం చేత గాయపడిన ధర్మం సభలోకి వస్తుంది. దాని ఒంట్లో దిగిన ములికిని తీయకపోతే అదే సభాసదులకు గుచ్చుకుంటుంది. నిందించాల్సిన దాన్ని నిందించని సభలో ఆ పాపంలో సగం సభకు పెద్ద అయినవాడికి పోతుంది, పావు చేసినవాడికి, పావు మౌనంగా కూర్చున్న సభ్యులకు. ప్రహ్లాదుడు సుధన్వుడే శ్రేష్ఠుడని కొడుక్కి వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు. ఆ సత్యానికి మెచ్చి సుధన్వుడు విరోచనుణ్ణి విడిచిపెట్టాడు.

మనకు ప్రహ్లాదుడంటే స్తంభం ముందు చేతులు జోడించిన పసివాడు. ఆ పసివాడే పెద్దవాడై న్యాయపీఠం మీద కూర్చుంటే భక్తి ఎలా ఉంటుందో ఈ కథలో ఉంది. ఆ తీర్పే ఆయన చేసిన ప్రార్థన.

క్రైస్తవుల్లో కూడా ఇలా ఆలోచించేవాళ్లు ఎందరో ఉన్నారు. నీవు ప్రార్థన చేయునప్పుడు నీ గదిలోనికి వెళ్లి తలుపువేసుకొమ్మని యేసు చెప్పిన మాటను వాళ్లే ఎత్తి చూపుతారు. పక్కనే ఉన్న కెనడాలో సగెనే పట్టణం కౌన్సిల్ ప్రార్థన మీద అక్కడి సుప్రీంకోర్టు 2015లో ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్పు ఇచ్చింది.

మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు ముందే వెతికారు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో పీఠికను ఈశ్వరుడి పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. ఆయన భక్తిని శంకించాల్సిన పనిలేదు. విశ్వాసం విషయంలో ఇది బలవంతం అవుతుందని పట్టం థాను పిళ్లై అన్నారు. దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇబ్బంది మాకు తేవద్దని పూర్ణిమా బెనర్జీ వేడుకున్నారు. ఆ మాట నాకు ఎంతో భక్తి గల మాటగా తోస్తుంది. కామత్ వినలేదు. ఓటింగ్‌లో 41 మంది అనుకూలం, 68 మంది వ్యతిరేకం. ఇది చరిత్రలో చీకటి రోజని కామత్ బాధపడ్డారు. దేవుడు ఓడిపోయాడని నేను అనుకోను. ఆ సభలోనే ప్రమాణానికి రెండు దారులు పెట్టారు. దేవుడి పేరుతో చేయవచ్చు, మనస్సాక్షిగా చేయవచ్చు. అప్పటి నుంచీ మన ఎమ్మెల్యేలూ ఎంపీలూ అలాగే చేస్తున్నారు. ఎవరు ఏది పలికినా, పలికేది కుర్చీ ఎక్కబోయే మనిషే, చూస్తున్న జనం కాదు. అథర్వవేద ఋషి పద్ధతి కూడా ఇదే. పాత పార్లమెంటు భవనంలో ఒక లిఫ్టు దగ్గర మహాభారత శ్లోకం రాసి ఉంది, న సా సభా యత్ర న సంతి వృద్ధాః అని. పెద్దలు లేనిది సభ కాదు, ధర్మం చెప్పనివారు పెద్దలు కారు. అది సభ్యులు నడిచే దారిలో ఉంది. సరైన చోటే ఉంది.

ఇప్పుడు అమెరికాలో శాసనసభలకూ ఊరి కౌన్సిళ్లకూ మన అర్చకులను ప్రార్థనకు పిలుస్తున్నారు. ఆ ఫొటోలు చూసి గర్వపడతాం, తప్పులేదు. నిన్నటిదాకా లేవమంటే లేచి నిలబడిన మనం, మైకు మన చేతికొచ్చిన రోజున మరో కుర్రాణ్ణి సగం లేపకూడదు. ఆలయ కమిటీలకూ అర్చక స్వాములకూ నా విన్నపం ఇదొక్కటే: వెళ్లండి. అందరూ లేవండి అనకండి. జనానికి కాస్త పక్కగా జరిగి, నిర్ణయం తీసుకునేవాళ్ల వైపు తిరిగి నిలబడండి. ఈ సభా సూక్తంలో మొదటి మంత్రం చదివి, అర్థం వాళ్ల భాషలో చెప్పండి. సభాధ్యక్షుడి వాటా సగమన్న కశ్యపుడి లెక్క కూడా ఒక్క వాక్యంలో చెప్పండి. తర్వాత దిగి వచ్చి, అర్జీలు పట్టుకున్నవాళ్ల మధ్య కూర్చోండి.