జ్వరం సంగతి కార్పొరేషన్‌కి చెప్పాల్సింది డాక్టర్ ఒక్కడేనా?

చెన్నైలో ఉండే మనోళ్ళలో చాలామందికి ఒక నమ్మకం, అంటురోగం వస్తే కార్పొరేషన్‌కి చెప్పడం డాక్టర్ గొడవ, ల్యాబ్ వాళ్ళ గొడవ, మనకెందుకులే అని. కాదండీ. ఇక్కడ 1939 నాటి పబ్లిక్ హెల్త్ యాక్ట్ ఒకటుంది, అందులో డాక్టర్ పేరు ముందొస్తుంది నిజమే కానీ ఆ వెనకాలే ఫ్యాక్టరీ మేనేజరు, లాడ్జి నడిపేవాడు, ఇంటి ఓనరు, చివరికి ఇంటి పెద్ద కూడా వరసగా ఉంటారు. ప్రభుత్వం నోటిఫై చేసిన జబ్బు, అంటే తప్పకుండా చెప్పాలని జాబితాలో పెట్టిన జబ్బు, తన ఇంట్లోనో తన బిల్డింగ్‌లోనో ఎవరికైనా ఉందని తెలిసినా, ఉందేమో అని గట్టి అనుమానం ఉన్నా అధికారులకి చెప్పి తీరాలి. అంటే మా ఇంట్లో అయితే మా మామగారన్నమాట. ఆయనకి ఈ మాట చెప్తే "నాకు జ్వరమొస్తేనే మీ అత్తకి చెప్పను, ఇంక కార్పొరేషన్‌కి చెప్తానా" అన్నారు.

ఈ చట్టం మనకి పరాయిదేం కాదు. అప్పట్లో నెల్లూరు, గుంటూరు, విశాఖ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీయే కదా, రాజాజీ ప్రభుత్వం ఉన్నప్పుడు వచ్చింది, తర్వాత ఇక్కడ తమిళనాడు పబ్లిక్ హెల్త్ యాక్ట్ అయింది, అక్కడ ఆంధ్రా ఏరియా పబ్లిక్ హెల్త్ యాక్ట్ అని ఉండిపోయింది. గూడూరులో బస్సెక్కి మాధవరంలో దిగినా రూల్ పుట్టిల్లు ఒకటే. అంటురోగం ఉన్నవాడు నలుగురు ఎక్కే బండి ఇష్టమొచ్చినట్టు ఎక్కకూడదు, తినే వస్తువులు చేసి అమ్మకూడదు, పిల్లల్ని బడికి పంపకూడదు, లైబ్రరీ పుస్తకం కూడా తెచ్చుకోకూడదు. లైబ్రరీ దాకా ఆలోచించారంటే ఆ రాసినాయన ఎవరో కానీ ఇంట్లో పిల్లలున్న మనిషే అయ్యుంటాడు.

ఇదంతా నేనెందుకు చదివానంటే మా పిన్ని కొడుకు వల్ల. వాడు ట్రిప్లికేన్‌లో ఒక మేన్షన్‌లో, అంటే కుర్రాళ్ళు గదులు పంచుకుని ఉండే లాడ్జిలో, ఉండి బ్యాంక్ కోచింగ్‌కి వెళ్తుంటాడు, వాడికి అమ్మవారు పోసింది, అదే చికెన్ పాక్స్. మేన్షన్ మేనేజర్ చూసి ఎవరికీ చెప్పలేదు సరికదా "తంబీ, రాత్రి ట్రెయిన్‌కి ఊరెళ్ళిపో" అన్నాడంట. లాడ్జి నడిపేవాడు చెప్పాలి అని చట్టంలో ఎందుకు పెట్టారో నాకు అప్పుడర్థమైంది, ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు ఉండే చోట ముందు తెలిసేది ఆయనకే. ఇటు మా పిన్ని ఫోన్‌లో "ఎవరితో అనకురా, వచ్చేయ్, వేపాకు నీళ్ళు నేను పోస్తా" అని. నేను ఫోన్ లాక్కుని "పిన్నీ, ఆ బోగీలో కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా ఉంటే ఏంటి సంగతి" అన్నాను. అది మాత్రం ఆవిడకి తగిలింది. చికెన్ పాక్స్ మచ్చలు కనబడటానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అన్ని పొక్కులూ ఎండి పెచ్చు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది, అంటుకున్నవాడికి బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. అంటే వాడి రూమ్‌మేట్లు అప్పటికి బాగానే తిరుగుతున్నారు కానీ వాళ్ళ లెక్క ఇంకా తేలలేదు. జబ్బు పడ్డవాణ్ణి విడిగా పెట్టడం ఒకటి, వాడి పక్కన పడుకున్నవాణ్ణి ఒంట్లో బాగున్నా కొన్నాళ్ళు కనిపెట్టి ఉండటం ఇంకొకటి, జనానికి ఈ రెండోదే ఎక్కదు. నాకేం కాలేదుగా అంటారు.

చివరికి వాణ్ణి రైలెక్కనివ్వకుండా, సంగతి ముందే చెప్పి, చిన్నప్పుడే చికెన్ పాక్స్ వచ్చిపోయిన డ్రైవర్ దొరికాక, తండయార్‌పేటలో కార్పొరేషన్ అంటువ్యాధుల ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించి, మా మేడ మీద గదిలో పెట్టాం. మా ఓనరమ్మ తమిళావిడ, చెప్పగానే గొడవ చేస్తుందేమో అని భయపడ్డాను, ఆవిడే ఎక్కడినుంచో వేపమండ తెచ్చి గేటుకి కట్టింది. అంతే, పాలవాడు బయటే ఆగాడు, పనమ్మాయి వాళ్ళ చంటిదాన్ని తీసుకురావడం మానేసింది, ఎవరూ మమ్మల్ని ఒక మాట అనలేదు. నలుగురికీ చెప్పడమూ (నోటిఫికేషన్), విడిగా ఉండటమూ (క్వారంటైన్) రెండూ ఆ మండలోనే అయిపోయాయి.

దీన్ని కోవిడ్ స్టిక్కర్‌తో పోల్చి చూడండి. 2020లో ఇక్కడ క్వారంటైన్ ఇళ్ళ తలుపులకి అంటించిన నోటీసులు గుర్తున్నాయా, లోపలికి రావద్దు అని, కమల్ హాసన్ గారి ఆళ్వార్‌పేట బిల్డింగ్‌కి కూడా పొరపాటున అంటించి మళ్ళీ పీకేశారు. వీధి చివర రేకులు కొట్టడం సరే సరి. దాంతో ఏమైందంటే జ్వరం వచ్చినవాడు టెస్ట్‌కి పోవడం మానేసి మెడికల్ షాపులో డోలో కొనుక్కుని గమ్మున పడుకున్నాడు. మా వీధిలో నేను చూసిందే ఇది. ఆ ఏడాది డిసెంబర్‌లో సుప్రీం కోర్టు కూడా అధికారి ప్రత్యేకంగా ఆర్డర్ వేస్తే తప్ప పేషెంట్ ఇంటికి పోస్టర్లు అంటించొద్దు అంది. వేపమండ మనం కట్టుకున్నది, స్టిక్కర్ వాళ్ళు అంటించింది, నాకైతే తేడా అంతా అక్కడే ఉందనిపిస్తుంది. చెప్పినవాడికే శిక్ష పడ్డట్టు ఉంటే ఎవడు చెప్తాడు?

శిక్షలు లేవని కాదు. ప్రాణాంతక రోగం అంటుకునేలా నిర్లక్ష్యంగా తిరిగితే భారతీయ న్యాయ సంహిత 271 కింద ఆరు నెలల దాకా జైలు, తెలిసి కావాలని చేస్తే 272, రెండేళ్ళ దాకా, క్వారంటైన్ రూల్ తప్పితే 273, మళ్ళీ ఆరు నెలలు. పాత ఐపీసీలో ఇవే 269, 270, 271, 2024 జూలై నుంచి నంబర్లు మారాయి. కానీ జైలు పేరు చెప్పి ఎంతమందిని బయటికి రప్పిస్తారు చెప్పండి.

టీబీ దగ్గర మాత్రం కొంచెం తెలివిగా చేశారు. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్ కూడా టీబీ కేసు ప్రభుత్వానికి చెప్పాలి, 2018లో మందుల షాపుల్ని, ల్యాబుల్ని కూడా కలిపి, చెప్పకపోతే కేసు అన్నారు. అదే సంవత్సరం పేషెంట్‌కి మందులు వాడినంత కాలం తిండికి నెలకి 500 ఇవ్వడం మొదలుపెట్టారు, 2024 నవంబర్ నుంచి అది 1000 అయింది. నిక్షయ్‌లో, అంటే టీబీ పేషెంట్ల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్‌లో, పేరు ఎక్కితేనే ఆ డబ్బు వస్తుంది. పెళ్ళి కావాల్సిన పిల్లకి టీబీ అంటే నోరు కట్టేసుకునే కుటుంబాలు నాకు తెలుసు, వాళ్ళకి వెయ్యి రూపాయలు పెద్ద లెక్క కాకపోవచ్చు, కానీ చెప్పినందుకు ఏదో ఒకటి చేతికి వస్తోంది కదా, స్టిక్కర్ కంటే నయం.

ఇంక డెంగ్యూ. ఇది మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు, దోమ కావాలి, కాబట్టి రిపోర్ట్ అయితే వాళ్ళు వచ్చేది మిమ్మల్ని పట్టుకెళ్ళడానికి కాదు, మీ సంప్, ఓవర్‌హెడ్ ట్యాంక్, ఫ్రిజ్ వెనక ట్రే, మేడ మీద పారేసిన కొబ్బరి చిప్పలు చూడటానికి. మొన్న మా గ్రూప్‌లో ఎవరో "మన బ్లాక్ పేరు ఎవరు చెప్పారు" అని ఊగిపోయారు. ఎవరూ చెప్పక్కర్లేదు అండీ, పాజిటివ్ వస్తే ఆ వివరం ల్యాబే పైకి పంపాలి. ఆ నీళ్ళలో లార్వా పెరిగి పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు, మనం ఎవరు చెప్పారని వెతికేలోపు ఇంకో బ్యాచ్ లేస్తుంది.

ఎవరికి చెప్పాలి అని అడుగుతారు కాబట్టి: కార్పొరేషన్ కంప్లైంట్ నంబర్ 1913, జబ్బు గురించి సలహా కావాలంటే 104. తమిళం రాకపోతే పక్కింటావిడ చేత మాట్లాడించండి. అడ్రస్ చెప్పేటప్పుడు డోర్ నంబర్ పాతదీ కొత్తదీ రెండూ చెప్పండి, లేకపోతే మందు కొట్టేవాళ్ళు నేరుగా వేరే వాళ్ళ ఇంటికి వెళ్ళి పొగ పెట్టి వచ్చేస్తారు.