దరఖాస్తులో కనపడని సంగతులే రాయాలి

చేపలూ రొయ్యల మీద పరిశోధన చేసే ఒక కేంద్ర సంస్థకు డైరెక్టర్ కావాలని ప్రకటన వచ్చింది. ఒకప్పుడు నెల్లూరు మత్స్యశాఖలో నా దగ్గర పనిచేసి, తర్వాత సైంటిస్టుగా వెళ్లిన ఒకామె దరఖాస్తు పెట్టింది. "సార్, నా గురించి మీరు రాసివ్వాలి" అని ఫోన్ చేసింది.

ఎన్ని పేపర్లు, ఎన్ని అవార్డులు అన్నది బయోడేటాలో ఎటూ ఉంటుంది. ఎంపిక కమిటీకి తెలియనిది నేను చెప్పాలి. అందుకే ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట దగ్గర చూసింది రాశాను.

రొయ్యలకు వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు సోకిన సీజన్ అది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేను రైతు పైకి లాగితే మేత వేసింది వేసినట్టే ఉంది. రొయ్యలు నీరసంగా గట్టు వారకు చేరాయి. ఒకదాన్ని తీసి చూస్తే తలపెంకు మీద తెల్ల మచ్చలు. పక్కనే మందులమ్మే మనిషి డబ్బాతో సిద్ధంగా ఉన్నాడు. ఆమె మాత్రం, "దీనికి మందు లేదన్నా, డబ్బు తగలేసుకోవద్దు. తూము మూసెయ్. బ్లీచింగ్ వెయ్యకుండా ఈ నీళ్లు కాలవలోకి వదిలితే పక్క గుంటలూ పోతాయి" అంది. రైతులు కేకలేశారు. ఆమె మాట మార్చలేదు, చీకటి పడేదాకా చుట్టుపక్కల గుంటలన్నీ తిరిగింది.

పెద్ద పదవికి నేను చూసే అర్హత ఇదే. 1979 ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోతే, ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ బాధ్యత తనమీద వేసుకున్నారు. మరుసటి ఏడు జులైలో గెలిచినప్పుడు విలేకరుల ముందుకు ఆ ప్రాజెక్టు నడిపిన కలాంను పంపారు. ఆ ధవన్ గారు కూడా పదవి కోసం తిరిగిన మనిషి కాదు. అప్పటి ఇస్రో ఛైర్మన్ విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరులో పోయేనాటికి ఆయన అమెరికాలో ఉన్నారు. ఇందిరాగాంధీ పిలిపిస్తే వచ్చారు, అదీ బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సి) డైరెక్టర్‌గా కొనసాగుతానని చెప్పి మరీ.

ఉత్తరంలో ఒక లోపం కూడా రాశాను: ఆమెకు ఫైళ్లంటే విసుగు, పక్కన గట్టి పరిపాలనాధికారి ఉండాలి. అంతా పొగడ్తే అయితే కమిటీ ఎందుకు నమ్ముతుంది?

రిటైరైన నా తోటివాళ్లారా, పనిమంతుల్ని దగ్గర నుంచి చూసింది మనమే. వాళ్లు అడిగేదాకా ఆగకండి. నా ఎరికలో ఇంకో ఇద్దరున్నారు, వాళ్లంతట వాళ్లు దరఖాస్తు పెట్టే రకం కాదు. ఈ వారమే ఫోన్ చేసి కూర్చోబెట్టి పెట్టిస్తాను.