నిండుగా తిరిగెళ్లిన నీళ్ల సీసాలు

మార్చ్‌పాస్ట్ రిహార్సల్ మూడో రోజు. ఉదయం 11 దాటింది. తొమ్మిదో తరగతి వరసలో ఒక అమ్మాయి ఓ అడుగు పక్కకి వేసి, ఎవరో కూర్చోమన్నట్టు నేలమీద కూర్చుండిపోయింది. తర్వాత మెల్లగా వాలిపోయింది. నేను పరుగెత్తేసరికే పీఈటీ సార్ ఆమెను ఎత్తుకుని వరండాలోకి తెస్తున్నారు. మొహం పాలిపోయింది. మెడ, చేతులు చెమటతో చల్లగా జిడ్డుగా ఉన్నాయి. పేరు అడిగితే చెప్పింది. ఇవాళ ఏ వారమో అడిగితే చెప్పింది. ఆ రెండు జవాబులూ వినేదాకా నాకు ఊపిరాడలేదు. మాటకి పొంతన లేకపోతే, ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతుంటే అది వడదెబ్బ. అప్పుడు అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా ఒంటిమీద చల్లటి నీళ్లు గుమ్మరిస్తూనే ఉండాలి. ఈ పిల్లకి 38.2 ఉంది. పడుకోబెట్టి, కాళ్ల కింద రెండు స్కూలు బ్యాగులు పెట్టి, తడిగుడ్డతో మెడా చేతులూ తుడుస్తూ అట్టముక్కతో విసిరాం. ఇరవై నిమిషాలకి లేచి కూర్చుంది. కొద్దికొద్దిగా నీళ్లు తాగించాం. వాళ్లమ్మగారు వచ్చి ఇంటికి తీసుకెళ్లారు.

"ఎండ ఎక్కువైంది" అనుకున్నాం అందరం. అది సగం నిజం. మిగతా సగం నాకు తెలియడానికి ఇంకో వారం పట్టింది.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఏడాది చివర ఆటల పోటీలు, వార్షికోత్సవం, పదో తరగతి వాళ్ల వీడ్కోలు సభ, ప్రాక్టికల్స్ అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఎండలు ముదిరేదీ అప్పుడే. ఆ సాయంత్రం స్టాఫ్ రూంలో పోటీలు ఆపేద్దామని కొందరన్నారు. 2024లో వడగాలులు, తుఫాన్లు, వరదల వల్ల 85 దేశాల్లో కనీసం 24.2 కోట్ల మంది పిల్లల చదువుకు ఆటంకం కలిగిందని, వాటిలో వేడిదే పెద్ద పాత్ర అని యునిసెఫ్ లెక్క తేల్చింది. బడులు మూసుకున్న చోట్లూ ఉన్నాయి. కానీ పిల్లలు ఏడాదంతా ఎదురుచూసిన నాలుగు రోజుల్ని ఒక్క మాటతో రద్దు చేయడానికి నాకు మనసొప్పలేదు. హెడ్మాస్టారుని వారం రోజులు గడువు అడిగాను. "వారమే టీచర్‌గారూ. ఈలోగా ఇంకో పిల్ల పడిపోతే మాత్రం అన్నీ ఆపేస్తాను" అన్నారాయన. న్యాయమే.

ముందు వేడిని కొలవాలనుకున్నాను. ఫోన్‌లో చూపించే ఉష్ణోగ్రత నీడలో గాలిది. మా పిల్లలు నిలబడేది నీడలో కాదు. ఒంటికి తగిలే వేడిలో గాలి వేడి ఒక భాగమే. తేమ, ఎండ, గాలి వీచడం అన్నీ కలుస్తాయి. ఒక గ్రాము చెమట ఆవిరైపోతే దాదాపు 2,400 జౌల్‌ల వేడిని తీసుకుపోతుంది. కానీ ఆవిరైతేనే. కారిపోయిన చెమట వల్ల, మందపాటి పాలిస్టర్ డ్రస్సు లోపల ఇంకిపోయిన చెమట వల్ల పెద్దగా లాభం లేదు. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు వడదెబ్బకి పడిపోతుంటే, ఇవన్నీ కలిపి ఒకే అంకెగా చెప్పే కొలత ఒకటి తయారుచేశారు. డబ్ల్యూబీజీటీ అంటారు. తడిబట్ట చుట్టిన థర్మామీటరు రీడింగులో 70 శాతం, ఎండలో పెట్టిన నల్లగోళం లోపలి రీడింగులో 20 శాతం, మామూలు థర్మామీటరులో 10 శాతం కలిపితే ఆ అంకె వస్తుంది. అది 32.2కి చేరితే అక్కడ నల్లజెండా ఎగరేసి కఠినమైన శిక్షణ ఆపుతారు.

మా దగ్గర ఆ పరికరం లేదు. ల్యాబులో మూడు థర్మామీటర్లు ఉన్నాయి. ఒకదాని బల్బుకి తడి నూలుగుడ్డ చుట్టాం. అసలు నల్లగోళం 15 సెంటీమీటర్ల రాగి బంతి. మేం టేబుల్ టెన్నిస్ బంతికి నల్లరంగు వేసి, సూదితో చిల్లుపెట్టి, రెండో థర్మామీటరు అందులోకి దూర్చి మైనంతో మూశాం. కచ్చితమైన కొలతేమీ కాదు. ఒక గంటతో ఇంకో గంటని, ఒక చోటుతో ఇంకో చోటుని పోల్చుకోవడానికి మాత్రం సరిపోయింది. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు గంటగంటకీ వెళ్లి రాసుకొచ్చేవారు. ఉదయం ఏడున్నరకి తడిది 23, బంతి 33, గాలి 28. కలిపితే ఇరవై అయిదున్నర. తొమ్మిదున్నరకే దాదాపు ముప్పై. ఆ పిల్ల పడిపోయిన వేళకి, అంటే 11 గంటలకి, 32 దాటింది. ఫోన్‌లో ఉష్ణోగ్రత అప్పటికి 37 మాత్రమే చూపిస్తోంది. బంతి లోపల 52.

ఆ కాగితం చూపించాక రిహార్సల్ వేళలు మార్చడానికి ఎవరూ అడ్డుచెప్పలేదు. పీఈటీ సార్ అయితే ఉదయం ఆరింటికే వస్తానని తానే ముందుకొచ్చారు. ఆయన దూరం నుంచి వస్తారని నాకు తెలుసు. మా అంకె 28కి చేరగానే మైదానం ఖాళీ చేయాలని పెట్టుకున్నాం. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు కావాలి కాబట్టి మొదటిరోజు ఇరవై నిమిషాలే, తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్లాం. టైలు, బూట్లు వద్దన్నాం. నాట్యం డ్రస్సులు ఆఖరి రిహార్సల్‌కి తప్ప వేసుకోకూడదన్నాం.

అయినా తలనొప్పులు తగ్గలేదు. అది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఉదయం ఎనిమిదికే నీడలోకి వచ్చేస్తున్నారు, మరి మధ్యాహ్నం మూడో పీరియడ్‌కి బల్లమీద తలవాల్చే పిల్లలు ఎందుకింతమంది? పైగా దాదాపు అందరూ అమ్మాయిలే.

ఒకరోజు బెల్లు కొట్టాక తరగతి గదిలో మిగిలిపోయిన బ్యాగు ఒకటి తీసి పక్కన పెట్టబోయాను. బరువుగా తగిలింది. పక్క జేబులో లీటరు సీసా, మూతదాకా నీళ్లు. పొద్దున ఇంట్లో నింపినవి నింపినట్టే ఉన్నాయి. మర్నాడు సాయంత్రం గేటు దగ్గర నిలబడి వెళ్లేవాళ్ల సీసాలు చూశాను. అబ్బాయిలవి ఖాళీ. అమ్మాయిలవి సగానికి పైగా నిండుగానో, రెండు గుక్కలు తగ్గో ఉన్నాయి.

ఆరోజు పడిపోయిన అమ్మాయిని పక్కకి పిలిచి అడిగాను. "ఏమ్మా, నీళ్లు తెచ్చుకుని తాగవేంటి?"

చాలాసేపు చున్నీ అంచు తిప్పుతూ నిలబడింది. "తాగితే వెళ్లాల్సొస్తుంది కదా టీచర్" అంది.

"వెళితే?"

"లైను పెద్దది. గడియ పడదు. ఒకరు బయట తలుపు పట్టుకోవాలి. నెలసరి రోజుల్లో అయితే అసలు... నీళ్లు కూడా రావు టీచర్ మధ్యాహ్నం." కాస్త ఆగి, "అందుకే ఇంటికెళ్లాకే తాగుతాం" అంది. తాగుతాం అంది, తాగుతాను అనలేదు.

పదకొండేళ్లుగా ఆ బడిలో పనిచేస్తున్నాను. నీళ్లు తాగండమ్మా, నీళ్లు తాగండమ్మా అని ప్రేయర్‌లో మైకు పట్టుకుని చెప్పినదాన్ని నేనే. ఆ పిల్లలు ఎంత మర్యాదగా విన్నారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

వెళ్లి చూశాను. అమ్మాయిలకి నాలుగు మరుగుదొడ్లు. ఒకదానికి తాళం, ఒకటి పాడైపోయింది. వాడుకలో ఉన్నవి రెండు. అందులో ఒకదాని గడియ వంగిపోయి గూటిలోకి దిగడం లేదు. తలుపు లోపలివైపు చెక్క అరిగిపోయి నున్నగా ఉంది. ఎన్ని చేతులు లోపలి నుంచి అదిమి పట్టుకుంటే అంత నునుపు వస్తుంది! పైన ట్యాంకు మధ్యాహ్నానికి అయిపోతుంది. అయిపోకముందు కొళాయిలో వచ్చే నీళ్లు ఎండకి కాగి చెయ్యి పెట్టలేనంత వేడి.

ఆ రాత్రి చిన్న లెక్క వేశాను. అమ్మాయిలు 212 మంది. ఇంటర్వెల్ పది నిమిషాలు. మనిషికి నిమిషంన్నర చొప్పున, రెండు గదుల్లో కలిపి పది నిమిషాల్లో వెళ్లిరాగలిగేది 13 మంది. మిగిలిన 199 మందికి నీళ్లు తాగొద్దని మేమే టైంటేబుల్ వేసి చెబుతున్నట్టు.

స్టాఫ్ మీటింగులో ఈ లెక్క బోర్డు మీద రాశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక సీనియర్ మాస్టారు, "క్లాసు మధ్యలో వదిలితే అలుసుగా తీసుకుంటారమ్మా" అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు, కొందరు తీసుకుంటారు. "తీసుకోనివ్వండి మాస్టారూ, పదిమంది ఊరికే తిరిగినా మిగతావాళ్లు నీళ్లు తాగుతారు" అన్నాను. హెడ్మాస్టారు లేచి వెళ్లి, తాళంచెవుల గుత్తి తెచ్చి బల్లమీద పెట్టారు. తాళం వేసి ఉన్న గది మా స్టాఫ్‌కి కేటాయించినది. ఆరోజు నుంచి అది పిల్లలది.

మిగతా పనులు వారంలో అయిపోయాయి. పాడైనది బాగుచేయించాం. గడియలన్నీ కొత్తవి. ట్యాంకు మీద నీడకి గుడ్డ కట్టించి, మధ్యాహ్నం ఇంకోసారి మోటారు వేయించాం. ఆయమ్మ రెండు పూటలా కడగడానికి ఒప్పుకుంది, దానికి వేరే డబ్బు ఇచ్చాం. మూత ఉన్న బుట్ట, శానిటరీ ప్యాడ్లు లోపలే పెట్టించాం, అడిగి తీసుకోవాల్సిన పని లేకుండా. ఇంటర్వెల్ అందరికీ ఒకేసారి కాకుండా తరగతుల వారీగా విడగొట్టాం. ప్రతి గదిలో తలుపు పక్కన ఒక అట్టకార్డు వేలాడదీశాం. వెళ్లాలనుకున్నవాళ్లు అది మెళ్లో వేసుకుని వెళ్లిరావడమే, చెయ్యెత్తి అందరిముందూ అడగక్కర్లేదు. రెండు వారాలు పోయాక ఆ సీనియర్ మాస్టారే తన గదికి రెండో కార్డు అడిగి తీసుకున్నారు.

ఒక పొరపాటు చేశాం, అదీ చెప్పాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెప్పించి పిల్లల చేతికిచ్చాం. లీటరు నీటికి ఒకటి కలపాల్సింది, వాళ్లు అరలీటరు సీసాలో మొత్తం ప్యాకెట్టు పోసేసుకున్నారు. అంత చిక్కగా తాగితే మేలు కన్నా కీడెక్కువ. మర్నాటి నుంచి కొలతగుర్తు ఉన్న బిందెలో మేమే కలిపి పెట్టాం, అదీ మైదానంలో చెమటోడ్చిన వాళ్లకే. తరగతిలో కూర్చునేవాళ్లకి మంచినీళ్లు చాలు.

పోటీలు ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది లోపు, మూడు రోజులకి పంచి జరిపాం. సభ మాత్రం సాయంత్రానికి పెట్టాం. హాలు వద్దనుకున్నాం, పగలంతా ఎండ పీల్చిన గోడలు రాత్రి ఎనిమిదైనా వేడి కక్కుతూనే ఉంటాయి. ఆరుబయటే నయం. పిల్లల్ని ముందే తెచ్చి కూర్చోబెట్టే అలవాటు మానేశాం. అతిథి గేటు దాటాకే వరసలు కదిలాయి. ఉపన్యాసాలు తలా అయిదు నిమిషాలు అనుకున్నాం, ఒకాయన పదిహేను తీసుకున్నారు, పోనీ.

మూడో రోజు ఉదయం రిలే. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయిది చివరి అంచె. వాళ్ల జట్టు మూడోది వచ్చింది. బ్యాటన్ పీఈటీ సార్ చేతికిచ్చేసి, నీడలోకి వచ్చి సీసా ఎత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుని నన్ను చూసి నవ్వింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు సీసా నా చేతిలో పెట్టి, తోడెవర్నీ పిలవకుండా వరండా చివరికి నడిచింది. కొత్త గడియ టక్కుమని పడిన చప్పుడు నేను నిలబడ్డ చోటుకి వినిపించింది.