బ్రౌన్‌ని బ్రౌన్‌గా చూపించే టార్చి

ఈ దేశంలో మెయింటెనెన్స్ టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో, ఇక్కడి భాషకన్నా ముందు నాకు వైర్ల రంగులే వంటబట్టాయి. ఫేజులకు బ్రౌన్, నలుపు, బూడిద. న్యూట్రల్‌కి నీలం. ఎర్త్‌కి ఆకుపచ్చ, పసుపు. నోరు పెగలకపోయినా, ప్యానెల్ తలుపు తీస్తే లోపల ఏముందో చదవగలిగేవాణ్ణి.

ఒక నైట్ డ్యూటీలో అదీ తప్పింది. మోటారు కనెక్షన్ మళ్లీ బిగిస్తూ, స్టోర్‌లో ఇచ్చిన టార్చి వెలుగులో బ్రౌన్‌ని నలుపు అనుకున్నాను. రెండు ఫేజులు తారుమారైతే మోటారు రివర్స్ తిరుగుతుంది. పవర్ ఇచ్చేముందు మీటరు పెట్టి చూసే అలవాటు ఉండబట్టి బయటపడ్డాను. ఆ టెన్షన్ తెల్లారేదాకా పోలేదు. సొంత టార్చి చేసుకుందామని అప్పుడే అనుకున్నాను.

నీలం కొట్టే తెల్లటి వెలుగులో ఎరుపు పాలు తక్కువ. బ్రౌన్ అందులో నలుపులా కనిపిస్తుంది. అందుకే సీఆర్ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 దాటిన ఎల్ఈడీ తీసుకున్నాను. నీలం కొట్టని 4000 కెల్విన్ వెలుగుది, నిచియా కంపెనీ 519ఏ. ల్యూమెన్లు, అంటే వెలుగు మొత్తం, కొంత తగ్గుతాయి, తగ్గనీ.

రాగి బోర్డు మీద సోల్డర్ పేస్ట్ పూసి, ఎల్ఈడీ పెట్టి, రూములోనే చిన్న హాట్‌ప్లేట్ మీద వేడి చేశాను. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీలకు కరుగుతుంది. మసకగా ఉన్న పేస్ట్ ఒక్కసారిగా తళుక్కుమంది. వంకరగా ఉన్న ఎల్ఈడీ తనంతట తానే జరిగి ప్యాడ్ల మధ్యకు వచ్చి కూర్చుంది. ట్వీజర్స్ మొనతో కాస్త నెట్టి వదిలితే మళ్లీ అక్కడికే వచ్చింది. అడుగున సోల్డర్ అంతటా పట్టిందనడానికి అదే గుర్తు.

"ఏంటన్నా, ఇంకా పడుకోలేదా?" అన్నాడు రూమ్మేట్. పొగ పోవడానికి కిటికీ తీశాను.

ఎక్కువ రాత్రులు తినేసింది డ్రైవరే, అంటే ఎల్ఈడీకి కరెంటు ఇచ్చే సర్క్యూట్. చాలా డ్రైవర్లు వెలుగు తగ్గించడానికి ఎల్ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి. ఆ వెలుగులో తిరుగుతున్న షాఫ్టు ఆగినట్టు కనిపించే ప్రమాదం ఉంది. మిషన్ల మధ్య పనిచేసేవాడికి అది పనికిరాదు. లీనియర్ డ్రైవరైతే ఇంకో ఇబ్బంది. నిండు సెల్ 4.2 వోల్టులు, ఎల్ఈడీకి కావలసింది దాదాపు 3. మిగిలిందంతా వేడే, 2 ఆంపియర్ల దగ్గర 2.4 వాట్లు. అందుకే వోల్టేజీని తక్కువ వేడితో తగ్గించి, కరెంటును నిలకడగా ఇచ్చే బక్ డ్రైవర్ గీసుకున్నాను.

కరెంటును కొలవడానికి పెట్టిన సెన్స్ రెసిస్టర్ 25 మిల్లీఓమ్‌లు, దాని మీద 50 మిల్లీవోల్టులు ఉండేలా డ్రైవర్ కరెంటును సర్దుతుంది. లెక్క ప్రకారం 2 ఆంపియర్లు రావాలి, మీటరేమో 1.6 చూపించింది. మూడు రాత్రులు పార్టులు మార్చాను. చివరికి తప్పు నేను గీసిన బోర్డులోనే దొరికింది. వోల్టేజీ కొలిచే దారిని రెసిస్టర్‌కి దూరంగా తీశాను, మధ్యలో ఉన్న రాగి గీత 6 మిల్లీఓమ్‌లు కలుపుతోంది. రెండో బోర్డులో ఆ దారులు రెసిస్టర్ ప్యాడ్ల నుంచే తీశాను. 1.98 వచ్చింది. నిద్రపోతున్న రూమ్మేట్‌ని లేపి మరీ చూపించాను.

డ్యూటీలో మొదటిసారి వెలిగించినప్పుడు పక్కన ఇక్కడి పెద్దాయన ఉన్నాడు. నా టార్చి తీసుకుని వైర్ల మీద వేసి, తన భాషలో బ్రౌన్ పేరు చెప్పాడు. నేనూ ఆ మాటే పలికాను. ఆయన తన పాత టార్చి తీసి నా చేతిలో పెట్టాడు, దీనికి కూడా చెయ్యమని.