బీవర్ బోనులో ఎర కన్నా నీటిమట్టమే కీలకం

వాగులకి అడ్డుకట్టలు కట్టే పెద్ద ఎలుకజాతి జంతువు బీవర్‌ని ప్రాణాలతో పట్టడానికి ఎక్కువగా వాడేది హాంకాక్ బోను. తెరిచిన సూట్‌కేసులా రెండు వల రెక్కలు. ఒకటి నీళ్లలో పరుచుకుంటే ఇంకొకటి గట్టుకి ఆనుతుంది. తొక్కుడు పలక కదలగానే స్ప్రింగులు రెండింటినీ మూసేస్తాయి. అవి చెయ్యి విరిచేంత బలమైనవి, కాబట్టి పని పూర్తయ్యేదాకా రక్షణ కొక్కెం తియ్యకూడదు.

తడి ఆరని బురద, బెరడు ఒలిచిన తెల్లటి పుల్లలు కనిపించే దారి ఎంచుకోవాలి. ఎరగా పాప్లర్, విల్లో కొమ్మలు. లేదా బురద ముద్ద మీద కాస్త కాస్టోరియం, అంటే బీవర్ వాసన గ్రంథి స్రావం. తన హద్దులో పరాయి వాసన తగిలితే బీవర్ చూడక మానదు. పక్కనుంచి రాకుండా రెండువైపులా పుల్లలు పాతాలి. అడ్డంగా వస్తే మూసుకునే చట్రం దానికే తగులుతుంది.

అసలు ప్రమాదం నీళ్లతోనే. పగలు లోతు చూసుకుని పెట్టిన బోను తెల్లారేసరికి మునిగిపోవచ్చు. వాన పడనక్కర్లేదు, మిగతా బీవర్లు రాత్రి తమ అడ్డుకట్టలో గండి పూడ్చినా మట్టం పెరుగుతుంది. పట్టుబడ్డ జంతువు తన్నుకులాడి బోనుని లోతుకి జార్చేస్తుంది కూడా. అందుకే ఇనప మేకులు, గొలుసు తప్పనిసరి. మూసుకున్నాక బోనులో చాలా భాగం నీటిపైనే ఉండాలి. తెల్లవారగానే చూడాలి, రాత్రి మధ్యలో ఓసారి చూస్తే ఇంకా మేలు. ఆ దట్టమైన బొచ్చుతో ఎండలో ఉంటే వడదెబ్బే.

బోనుకి గోనె సంచి నోరు ఆనిస్తే చీకట్లోకి తలదూర్చి తనే వెళ్తుంది, అక్కడ నెమ్మదిస్తుంది. పెద్దవి సాధారణంగా 16–30 కిలోలు. సంచితోనే తూస్తే సంచి బరువు తీసెయ్యడం మరవద్దు. జంతువుల నుంచి మనుషులకి సోకే బాక్టీరియా జబ్బు తులరీమియా భయం ఉంది, చేతులకి గ్లవ్స్ ఉండాలి.

మగదో ఆడదో బయటికి తెలియదు, అవయవాలు లోపలే ఉంటాయి. మలద్వారం పక్క గ్రంథుల స్రావం చూడాలి. ఉత్తర అమెరికా జాతిలో మగదానిది గోధుమరంగు, చిక్కన. ఆడదానిది తెలుపు నుంచి లేత పసుపు, పలుచన. యూరేషియా జాతిలో మగదానిది పసుపు ద్రవం, ఆడదానిది బూడిదరంగు ముద్ద. ఒక జాతి గుర్తుతో రెండోదాన్ని చూస్తే లెక్క తారుమారే!

గుర్తుకోసం పెట్టే చెవి ట్యాగులు చిరిగి ఊడిపోతుంటాయి, చర్మం కింద మైక్రోచిప్ కూడా పెట్టాలి. అధ్యయనానికైతే పట్టినచోటే వదలాలి. వేరేచోటికి తరలించేటప్పుడు మాత్రం కుటుంబం మొత్తం దొరికేదాకా బోనులు ఎత్తకూడదు. తల్లిదండ్రుల్ని తీసుకెళ్లి పిల్లల్ని గూట్లో వదిలితే అవి బతకవు.