ముక్కు మీద పులిపిరి

మా అత్తయ్య లెక్కలో అడవంటే పురుగూ పుట్రా తిరిగే చోటు. తెనాలి నుంచి ఇంగ్లండులో మా ఇంట్లో ఆర్నెల్లుండడానికి వచ్చినావిడతో "ఆదివారం పిల్లాడిని అడవికి తీసుకెళ్దాం" అన్నప్పుడు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

"పాములుండవుటే?"

"ఈ దేశం మొత్తానికీ విషప్పాము ఒక్కటే జాతి అత్తయ్యా. యాడర్ అంటారు. అలికిడైతే అదే పారిపోతుంది" అన్నాను. నమ్మలేదు. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మా ఆయన గమ్‌బూట్లు తొడుక్కుని బయల్దేరింది.

మేం వెళ్ళింది బకింగ్‌హమ్‌షైర్‌లోని వెండోవర్ వుడ్స్‌కి. చిల్టర్న్ కొండల్లోకెల్లా ఎత్తయిన చోటు, 267 మీటర్లు, ఈ అడవిలోనే ఉంది. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు కానీ కారు పెట్టినందుకు గంటల లెక్కన కట్టాలి. నాలుగేళ్ళ పిల్లాడితో గంటలో బయటపడ్డవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకో దండం.

చిన్నపిల్లలున్నవాళ్ళు ఇక్కడికి వచ్చేది గ్రఫలో కోసం. జూలియా డోనాల్డ్‌సన్ రాసి, అక్సెల్ షెఫ్లర్ బొమ్మలు గీసిన ఆ పేరుగల పిల్లల పుస్తకం 1999లో వచ్చింది. ఓ చిట్టెలుక తనని తినాలని చూసిన నక్కనీ, గుడ్లగూబనీ, పామునీ 'గ్రఫలో' అనే లేని జంతువు పేరు చెప్పి బెదరగొడుతుంది. తీరా చూస్తే ఆ జంతువు నిజంగానే ఎదురొస్తుంది. మూలం ఓ చైనా జానపద కథ, అందులో ఉన్నది పులి. ఇంగ్లిష్‌లో 'టైగర్'కి ప్రాస కుదరక ఆవిడ కొత్త జంతువునే పుట్టించింది. ప్రాస కోసం ప్రయాస మన కవులకే అనుకునేదాన్ని. ఇంగ్లండులో చాలా అడవులు చూసుకునే ఫారెస్ట్రీ ఇంగ్లండ్ వాళ్ళు కొన్నిచోట్ల ఈ గ్రఫలోని చెక్కతో చెక్కించి నిలబెట్టారు.

మా వాడికి రెండేళ్ళుగా తెలుగు నేర్పిస్తున్నాను. అట్టముక్కల మీద అక్షరాలు, బొమ్మలు, బతిమాలడాలు, అన్నీ అయ్యాయి. నేను తెలుగులో అడుగుతాను, వాడు ఇంగ్లిష్‌లో జవాబిస్తాడు. నాకు ఇంగ్లిష్ వచ్చని వాడికి తెలుసు మరి.

బురదలో పడుతూ లేస్తూ వెళ్ళి చెక్క గ్రఫలో ముందు నిలబడ్డాం. అత్తయ్య ఎగాదిగా చూసింది.

"ఓర్నీ! ఎలుగుబంటికి దిష్టిబొమ్మ మొహం పెట్టారేంట్రా!"

వాడికి పౌరుషం వచ్చింది. "కాదు నానమ్మా! ఎలుగుబంటి కాదు!"

"ఎలుగుబంటే. ఆ ఒళ్ళు చూడు."

"కాదూ! ఎలుగుబంటికి కొమ్ములు లేదు! దీనికి ఉంది! వీపు మీద ముళ్ళు ఉంది! ముక్కు మీద... ముక్కు మీద..." మాట దొరక్క నా వైపు తిరిగాడు. చెబుదామని నోరు తెరిచాను. మొటిమా? పుట్టుమచ్చా? నాకూ తట్టలేదు.

"పులిపిరి" అంది అత్తయ్య.

"పులిపిరి" అన్నాడు వాడు. కాసేపు ఆ మాటని నోట్లో చప్పరించి, "అందులో పులి ఉందా నానమ్మా?" అన్నాడు.

వాడికి చైనా పులి సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

ఓ దుంగ మీద కూర్చుని పులిహోర డబ్బా తీశాం. (దాన్లో కూడా పులి ఉందా అని ఇంకోసారి విచారణ జరిగింది.) పైన నాలుగైదు గద్దలు తిరుగుతుంటే అత్తయ్య గబుక్కున డబ్బా మీద కొంగు కప్పింది. ఇంగ్లండులో ఈ ఎర్రతోక గద్దలు (రెడ్ కైట్లు) పూర్తిగా పోతే, 1990ల మొదట్లో స్పెయిన్ నుంచి తెచ్చి ఈ చిల్టర్న్స్‌లో వదిలారని చెప్పాను. "వాటికెన్నాళ్ళ వీసా ఇచ్చారో" అంది.

తర్వాత పంచతంత్రంలోని సింహం, కుందేలు కథ అందుకుంది. నేను పుస్తకం పట్టుకుని ఆ కథ చెప్పబోతే రెండో పేజీకే లేచిపోయేవాడు నోరు తెరుచుకుని విన్నాడు. సింహం నూతిలోకి తొంగిచూసే చోట మాత్రం నానమ్మని ఆపి సరిదిద్దాడు. నీళ్ళలో కనబడింది ఇంకో సింహం కాదట, గ్రఫలోనట. అత్తయ్య ఒప్పుకోలేదు. ఆ తగవు కారెక్కేదాకా నడిచింది, మొత్తం తెలుగులోనే. నేను నోరు మూసుకుని పార్కింగ్ డబ్బు కట్టాను.

మొన్న మాకు తెలిసినవాళ్ళ పాప పుట్టినరోజుకి వెళ్ళాం. ఒక పెద్దాయన ప్రేమగా వంగి మా వాడి బుగ్గ గిల్లారు. వాడు ఆయన ముక్కు వైపు తేరిపార చూసి, కొత్త మాట గుర్తొచ్చిన ఆనందంతో హాలంతా వినబడేలా "పులిపిరి!" అని అరిచాడు.

ఆ హాల్లో తెలుగు రానివాళ్ళు ఒక్కరు కూడా లేరు.