కైలో రెన్‌కి ఒక ఫేజు ఎప్పుడో పోయింది

ముందే చెప్తున్నా, ఇది స్టార్ వార్స్ గురించి, అందులో కైలో రెన్ అనే విలన్ ఉన్న మూడు సినిమాల కథ మొత్తం చెప్పేస్తా. చూడనోళ్లు చూసొచ్చి చదవండి, లేదంటే చదివేసి తర్వాత నన్ను తిట్టుకోండి.

పోయిన ఆదివారం మా బావ షాపులో కూచోనుంటి. అనంతపురంలో బోరు మోటర్లు వైండింగ్ చేస్తాడు, ఎండాకాలం వచ్చిందంటే ఆయనకి అన్నం తినే టైం కూడా ఉండదు. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ కట్టించుకోని పోతి, తింటా ఫోన్లో ఆ మూడిట్లో మొదటిది ఫోర్స్ అవేకెన్స్ పెట్టినా, 2015లో వచ్చినది. బావకి ఫ్యాక్షన్ సినిమాలు తప్ప ఇంకోటి ఎక్కదు, ఒక మోటరు విప్పుకుంటా అప్పుడప్పుడు తలెత్తి చూస్తాండాడు అంతే. వంతెన సీను వచ్చినాక మాత్రం స్పానర్ పక్కన పెట్టేసినాడు.

"వాళ్ల నాయన్నే పొడిచినాడేంరా!"

"ఊ, వాళ్ల నాయన్నే."

"అయితే వీని పని అయిపోయినట్టే పో."

ఇన్నేళ్లుగా నేను ఫ్రెండ్స్‌తో పేరాలు పేరాలు టైపు చేసి కొట్లాడే థియరీని మా బావ బజ్జీ నముల్తా ఒక్క ముక్కలో తేల్చేసినాడు, నాకు కడుపు మండింది గానీ ఏం చేద్దాం.

సంగతేందంటే, 2019లో వచ్చిన మూడో సినిమాలో కైలో రెన్ ఉన్నట్టుండి మంచోడైపోయినాడు, అమ్మ పిలిచిందంట మారిపోయినాడంట, అని చానామంది ఎగతాళి చేస్తారు. నేనేమంటానంటే వాడు మూడో సినిమాలో మారలేదు, ఫస్ట్ సినిమాలో వంతెన మీద వాళ్ల నాయన హాన్ సోలోని పొడిచిన క్షణం నుంచే విలన్‌గా వాడి పని అయిపోయింది, తర్వాత మనం చూసేదంతా ఆ దిగజారుడే.

అదే సినిమా మొదట్లో వాడెట్లుంటాడో గుర్తు చేసుకోండి. తన మీదకి కాల్చిన తూటాని గాల్లోనే ఆపేస్తాడు, ఆపి దాన్ని అట్లే వేలాడదీసి తాపీగా మాట్లాడుకుంటాడు, పనైపోయినాక వదిలేస్తాడు. అట్లాంటోడు క్లైమాక్స్‌లో మంచు అడివిలో ఫిన్ అనే మాజీ సైనికుణ్ని ఆపడానికి తిప్పలు పడతాడు, హీరోయిన్ రే చేతిలో అయితే మొహం మీద గీటు పడి మంచులో పడిపోతాడు, ఆ పిల్ల కత్తిసాము నేర్చుకుంది లేదు ఏం లేదు. హాన్ స్నేహితుడు చ్యుబాకా కాల్చిన దెబ్బ వల్ల అంటారు. నిజమే, ఆ తుపాకి దెబ్బకి సినిమా అంతా సైనికులు ఎగిరి పడతాంటారు, వీడు అది పక్కలో తిని నిలబడినాడు, గాయం మీద పిడికిలితో కొట్టుకుంటాంటే మంచు మీద రక్తం చుక్కలు పడతాంటాయి. కర్ణుడి చావుకి కారణాలెన్నో అన్నట్టు ఇదీ ఒకటి. కానీ అసలుది ఇది కాదు. నాయన్ని చంపేస్తే లోపల మంచివైపు లాగేది ఆగిపోతుందనుకున్యాడు వాడు, ఆగలేదు, ఇంకా ఎక్కువైంది. ఇది నా కల్పన కూడా కాదు, 2017లో వచ్చిన రెండో సినిమాలో వాడి బాసు స్నోక్ మొహం మీదే అంటాడు, ఆ పని నిన్ను లోపల చీల్చేసింది అని. వాడు లిఫ్టులోకి పోయి హెల్మెట్‌ని గోడకేసి ముక్కలయ్యేదాకా కొడతాడు. ఆ తర్వాతే వాళ్లమ్మ ఉన్న ఓడ మీదకి గురి పెట్టి, బొటనవేలు బటన్ మీద పెట్టి, నొక్కలేక తీసేస్తాడు. పక్కనోడెవడో కాలుస్తాడు. నాకు ఆ బొటనవేలు షాట్ చాలు.

సరే, బలహీనపడినాడంటావు, మరి స్నోక్‌నే చంపినాడు కదా, మూడో దాంట్లో గాల్లో పోయే ఓడని చేత్తో లాగినాడు కదా అని అడుగుతారు. నేనూ ఇక్కడే ఇరుక్కుంటాంటి. బావని అడిగితే ముందరున్న మోటరు చూపించినాడు. త్రీ ఫేజ్ మోటరు, నడుస్తా ఉన్నప్పుడు ఒక ఫేజు, అంటే మూడు కరెంటు లైన్లలో ఒకటి, పోయింది. లోపల కొన్ని కాయిల్స్ బొగ్గు మాదిరి మాడిపోయినాయి, వాటి పక్కనే కొన్ని ఎర్రగా కొత్తవాటి మాదిరే ఉన్నాయి. "ఒక ఫేజు పోయినంత మాత్రాన తిరిగే మోటరు అప్పుడే ఆగదురా, తిరుగుతానే ఉంటాది, లోపల కాలతాంటాది. ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చెయ్, గుర్రుమంటాది గానీ తిరగదు" అన్యాడు.

కైలో కథ మొత్తం అదే అనిపించింది నాకు. వాడి ఎర్రకత్తి కూడా చూడండి, మిగతా వాళ్ల కత్తుల మాదిరి నున్నగా ఉండదు, లోపలి క్రిస్టల్ పగిలిపోయింది కాబట్టి లో వోల్టేజ్‌లో ట్యూబ్‌లైట్ కొట్టుకున్నట్టు బుసబుసమంటాంటాది. ఇంకో తమాషా, వాడు కాలిపోయిన డార్త్ వేడర్ మాస్కు ముందర కూచోని తాతా నాకు బలమియ్యి, మంచివైపు లాగుతాంది అని మొక్కుకుంటాడు. ఆ తాతేమో 1983 సినిమాలో కొడుకు కోసం చివర్లో పార్టీ మారినోడు! మొక్కేది ఎవరికి, అడిగేది ఏంది.

పాత సినిమాల్లో చచ్చిపోయిన విలన్ పాల్పటీన్ మూడో దాంట్లో తిరిగి రావడం గురించి నేనేం మాట్లాడను, మాట్లాడితే బీపీ వస్తాది. పగిలిన హెల్మెట్‌ని ఎర్ర గీతలతో అతికించి మళ్లీ తొడిగినందుకు కూడా అప్పుడు తిట్టుకుంటి, ఇప్పుడు చూస్తే నచ్చింది, అతుకులు కనపడతాంటాయి కదా.

మూడో సినిమాలో, సముద్రంలో డెత్ స్టార్ అనే పాత యుద్ధ స్టేషన్ శిథిలాల మీద రే తో కొట్లాట, అదే మోటరు ఆగిన చోటు. వాళ్లమ్మ పిలుపు వినపడి ఒక్క క్షణం ఆగుతాడు, రే వాడి కత్తితోనే వాడిని పొడుస్తాది, మళ్లీ తనే నయం చేస్తాది, మొహం మీద పాత గీటు కూడా పోతాది. తర్వాత హాన్ సోలో కనపడతాడు, దయ్యం కాదు, వాడి జ్ఞాపకమే. వంతెన మీద చెప్పిన మాటలే మళ్లీ చెప్తాడు వీడు, ఏం చెయ్యాలో తెలుసు, చేసే బలముందో లేదో తెలీదు అని. అప్పుడు ఆ బలం అడిగింది నాయన్ని చంపడానికి. ఇప్పుడు అడిగేది ఆ కత్తిని వదిలెయ్యడానికి. విసిరి సముద్రంలో పారేస్తాడు. ఇంక కైలోగా స్టార్ట్ కాలేడు.

చివర్లో రే తో ఆ ముద్దు సీను మాత్రం నాకు ఇప్పటికీ ఒప్పదు, వాడు ప్రాణమిచ్చి ఆ పిల్లని బతికించడం చాలు కదప్పా.

రెండో సినిమా కథ నోటితో చెప్పేసి, సాయంత్రం కరెంటు పోయి షాపులో పనాగినాక బావకి మూడోది కూడా చూపిస్తి. చివర్లో మారిపోయి వచ్చినాక ఆ ఎక్సెగోల్ గ్రహంలో వాడు మాటలే ఆడడు, కింద పడి "ఔ" అంటాడు, అంతే. రౌడీలంతా చుట్టుముడతారు, చేతులు వెనక్కి పెట్టుకుంటాడు, ఎక్కడో ఉన్న రే అందించిన కత్తి ముందుకి తీసి, ఇంకేం చేస్తాం అన్నట్టు భుజాలెగరేస్తాడు.

బావ ఫోన్ నా చేతిలోంచి లాక్కోని వెనక్కి జరిపి ఆ ముక్క మళ్లీ చూసినాడు.

"ఇది వాళ్ల నాయన భుజమేరా" అన్యాడు.